మంచు యుగాల లెక్క కట్టిన జానిటర్: జేమ్స్ క్రోల్ (1821–1890)

ఈసారి స్కాట్లాండుకు చెందిన ఒక విశ్వాసి జీవితం తెలుసుకుందాం.

జేమ్స్ క్రోల్ 1821 జనవరి 2న పెర్త్‌షైర్‌లో జన్మించారు. తండ్రి రాళ్ల పని చేసే మేస్త్రి, భక్తిగల మనిషి. ఇంట్లో పేదరికం వల్ల సుమారు 13 ఏళ్లకే జేమ్స్ చదువు ఆగిపోయింది. పిండిమరలు బిగించే పని నేర్చుకున్నారు, తర్వాత వడ్రంగి పని చేశారు. మోచేయి బిగుసుకుపోవడంతో అదీ సాగలేదు. టీ దుకాణం నడవలేదు. మద్యం అమ్మని హోటల్ పెట్టారు, అదీ మూతపడింది. ఇన్సూరెన్స్ ఏజెంటుగా ఊరూరా తిరిగారు. ఈ కష్టాల మధ్యనే 1857లో దేవుని ఉనికి గురించి ఒక తత్వ గ్రంథం ప్రచురించారు.

1859లో గ్లాస్గోలోని ఆండర్సన్ కాలేజీ మ్యూజియంలో జానిటర్‌గా చేరారు. జీతం చిన్నది, కానీ అక్కడ మంచి లైబ్రరీ ఉంది. పని ముగించుకొని చదువుకునేవారు. అప్పట్లో శాస్త్రజ్ఞులను ఒక ప్రశ్న వేధిస్తోంది. ఒకప్పుడు యూరప్‌ను దట్టమైన మంచు ఎందుకు కప్పేసింది?

క్రోల్ ఆకాశం వైపు చూశారు. మిగతా గ్రహాల ఆకర్షణ వల్ల భూమి కక్ష్య ఒకసారి దాదాపు గుండ్రంగా, మరోసారి కాస్త సాగి ఉంటుంది. అలా సాగినప్పుడు, శీతాకాలంలో భూమి సూర్యునికి దూరంగా ఉంటే మంచు ఎక్కువ పేరుకుంటుంది. తెల్లని మంచు ఎండను వెనక్కి పంపేస్తుంది. చలి ఇంకా పెరుగుతుంది. వెచ్చని సముద్ర ప్రవాహాలూ దారి మళ్లుతాయి. అంటే కక్ష్యలో వచ్చే చిన్న మార్పును భూమే పెద్దది చేస్తుంది. 1864లో ఈ వ్యాసం అచ్చయినప్పుడు, రాసింది ఒక జానిటర్ అని తెలిసి పండితులు ఆశ్చర్యపోయారు.

1867లో స్కాట్లాండ్ భూగర్భ సర్వే ఆయనకు ఎడిన్‌బరోలో ఉద్యోగం ఇచ్చింది. ఉద్యోగ పరీక్షలో తప్పినా, ఆయన పరిశోధన చూసి తీసుకున్నారు. తీవ్రమైన తలనొప్పితో రోజుకు కొన్ని పంక్తులే రాయగలిగిన కాలంలోనూ 'క్లైమేట్ అండ్ టైమ్' అనే పుస్తకం పూర్తి చేశారు. అది 1875లో వెలువడింది. మరుసటి ఏడాది రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. చార్లెస్ డార్విన్ ఆయనతో ఉత్తరాలు నడిపారు.

అయితే ఆయన లెక్కలో పొరపాట్లున్నాయి. చివరి మంచు యుగం సుమారు 80,000 ఏళ్ల క్రితమే ముగిసిందని ఆయన అన్నారు. నిజానికి అది ముగిసి 12,000 ఏళ్లు కూడా కాలేదు. దాంతో ఆయన సిద్ధాంతం మరుగున పడింది. తర్వాత సెర్బియా శాస్త్రజ్ఞుడు మిలాంకోవిచ్ దాన్ని సరిదిద్దారు. మంచు నిలవడానికి చలికాలం కంటే చల్లని వేసవి ముఖ్యమని చూపించారు. 1976లో సముద్రగర్భంలోని మట్టి పొరల్లో కక్ష్య మార్పుల జాడలు దొరికాయి. కోట్ల ఏళ్ల నాటి మంచు యుగాలకు ఖండాల కదలిక, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వంటి కారణాలు కూడా తోడయ్యాయి. మూల ఆలోచన మాత్రం క్రోల్‌దే.

తన చివరి పుస్తకంలో ఆయన మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చారు. ప్రకృతి నియమాల వెనుక ఒక నిర్దేశం ఉందని వాదించారు. అది వెలువడిన 1890లోనే, డిసెంబరు 15న, ప్రభువునందు నిద్రించారు.

పరదేశంలో చదువుకు తగ్గ పని దొరకక చిన్న ఉద్యోగాల్లో ఉన్నవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. చేతిలో ఉన్న పని నమ్మకంగా చేస్తూ, దేవుడిచ్చిన బుద్ధిని తుప్పు పట్టనివ్వని ఈ సహోదరుణ్ణి వారు గుర్తుంచుకోవాలి. అలాంటివారిని చూసినప్పుడు మిగతావాళ్లం కూడా గుర్తుంచుకోవాలి.