మోక్షగుండము విశ్వేశ్వరయ్య - మూసీనది

మన దేశపు ఇంజనీర్లలో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు. వారి పూర్వులు ఆంధ్రదేశమునందలి మోక్షగుండము గ్రామమువారు. విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానములోని ముద్దెనహళ్ళిలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోలుపోయి, పిల్లలకు పాఠములు చెప్పి, ఆ ధనముతో బెంగుళూరులో చదివి 1881లో పట్టభద్రులైరి. పూనాలో ఇంజనీరింగు విద్య ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి, 1908లో విరమించిరి.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. నేటి ఉస్మానియా వైద్యశాల ఆవరణములోని యొక చింతచెట్టు నెక్కి నూఱుమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించెను. 1909లో వారు వచ్చి వరదకు గల కారణములను పరిశోధించిరి. నగరమునకు ఎగువన ఎనిమిదివందలకు చేరువగా చెరువులుండెను. వానిలో రెండువందలకు పైగా తెగి, ఆ నీరంతయు ఒక్కసారిగా నగరముపైకి వచ్చెనని గ్రహించిరి.

వరదకు ముందుగానే చోటు కల్పించుట వారి ప్రణాళికలోని సారము. మూసీపైనను, దాని ఉపనదియగు ఈసీపైనను జలాశయములు కట్టవలెననియు, నగరమధ్యమున నదికి ఇరువైపుల గట్లు పోసి ఉద్యానములు పెంచవలెననియు వారు సూచించిరి. 1920లో గండిపేటయొద్ద ఉస్మానుసాగరమును, 1927లో హిమాయతుసాగరమును పూర్తియయ్యెను. అవి వరదను నిలుపుటయే కాక నగరమునకు త్రాగునీటిని సమకూర్చెను.

విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వఱకు మైసూరు దివానుగా పనిచేసిరి. 1955లో భారతరత్న పురస్కారమును పొందిరి. 1962లో, నూఱేండ్లు నిండిన పిదప, కీర్తిశేషులైరి. వారి జన్మదినమగు సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

కాని హైదరాబాదు హద్దు లేక పెరిగెను. చెరువు నిండినపుడు మునుగు శిఖము భూములలో ఇండ్లు లేచెను. నీరు పాఱు కాలువలు పూడిపోయెను. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను పల్లపు వాడలు నీట మునిగెను. జంట జలాశయముల చుట్టును పది కిలోమీటర్లలోపల కట్టడములను నియంత్రించుచు ప్రభుత్వము 1996లో ఉత్తర్వు చేసెను. దాని పరిధిలోని 84 గ్రామములలో రైతులు తమ భూముల విలువ తగ్గినదని మొఱపెట్టుకొనిరి. నిబంధన తొలగినచో నీరు చెడునని మఱికొందఱు వాదించిరి. 2022లో ఆ నిబంధనను సడలించుచు మఱియొక ఉత్తర్వు వెలువడెను.

రైతునకు న్యాయము జరుగవలెను. నీటికి చోటును మిగులవలెను. ఆనకట్టను ఇంజనీరు కట్టగలడు. చెరువును చెరువుగా నిలుపుట మాత్రము పాలకులును ప్రజలును కలిసి చేయవలసిన పని.