డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని గారు

ఖమ్మము, భద్రాచలము అడవుల యంచున పెరుగు మన బాలబాలికలకు ఇప్పపలుకుల నూనె క్రొత్త కాదు. కోయవారు దానిని వంటకును, ఒంటికి రాచుకొనుటకును వాడుదురు. అయితే ఒక అడవిచెట్టు గింజల నూనెయే సూదిమందై కుష్ఠరోగముతో పోరాడిన కాలము కలదు. ఆ పోరాటమును మన తెలంగాణములో నడపిన వైద్యురాలి చరిత్రమును ఇచట వ్రాయుచున్నాము.

ఇసబెల్ గారు 1875లో స్కాట్లండు దేశమున జన్మించిరి. అంతకు రెండేండ్ల ముందే నార్వే దేశస్థుడైన హాన్సెన్ గారు ఈ రోగమును కలిగించు సూక్ష్మజీవిని కనుగొనియుండిరి. ఆమె ఆబర్డీను విశ్వవిద్యాలయమున 1903లో వైద్యపట్టము పొంది, 1907లో భర్తయగు జార్జి కెర్ గారితో వెస్లియను మిషను పక్షమున నిజాము రాజ్యమునకు వచ్చి, నిజామాబాదులో పని మొదలిడిరి. ఊరి వెలుపలికి నెట్టబడిన కుష్ఠరోగులు ఆమె కంటబడిరి. వారికి తలదాచుకొను చోటు లేదు. నర్సాగౌడు గారను హైందవ దాత ధనసహాయము చేయగా, 1915లో డిచ్‌పల్లి యందు వారికొరకు ఆసుపత్రి వెలసినది. మిషను ఆసుపత్రికి హైందవ సోదరుడు చేయి అందించిన ఈ సంగతి మాకు మిక్కిలి ప్రియమైనది.

మందు చాల్మూగ్రా నూనె. మన పూర్వవైద్యులు ఆ జాతి చెట్టునే తువరకమనిరి. త్రాగినచో కడుపులో త్రిప్పి వాంతియగును. కావున రోగులు మానివేయుచుండిరి. 1904లో పవర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అందలి క్రొవ్వు ఆమ్లమును వేరుచేసెను. అయిదు కర్బన పరమాణువుల వలయము తోకగాగల విచిత్రమైన ఆమ్లమది. పిమ్మట కలకత్తాలో రోజర్సు గారు అట్టి ఆమ్లముల లవణములను సూదితో ఎక్కించు మార్గము చూపిరి. డిచ్‌పల్లిలోను సూదిమందు సాగినది. సూది పొడిచిన చోట నొప్పి, వాపు. అదియు ఒకనాటితో తీరునది కాదు, నెలల తరబడి పొడిపించుకొనవలెను. అయినను రోగులు వచ్చుచునే యుండిరి. ఆ నూనె అందరిని స్వస్థపరచెననుట సత్యము కాదు. రోగము ముదరకమునుపే వచ్చినవారికి మేలు కనబడెను. ముదిరినవారికి అంతగా లేదు. 1923లో దంపతులకు కైసరె హింద్ పతకము లభించెను. 1932లో ఆమె పరమపదించిరి.

1940 తరువాత డాప్సోను మాత్ర వచ్చి నూనెను వెనుకకు నెట్టెను. కాని ఒక్క మందునే ఏండ్ల తరబడి వాడుటచేత, దానికి లొంగని క్రిములు 1964 నాటికే బయటపడెను. అందుచే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమందులను కలిపి యిచ్చు పద్ధతిని సూచించెను. నేడు మందులకు లొంగని ఇతర రోగక్రిములును పెరుగుచుండగా శాస్త్రజ్ఞులు మరల క్రొవ్వు ఆమ్లములను పరీక్షించుచున్నారు. పుండుమీద నూనె రాచి ఆసుపత్రికి పోవుట మానవలదని మాత్రము తల్లిదండ్రులను వేడుచున్నాము. ఈ పరీక్షలలో పెక్కు ఇంకను ప్రయోగశాల దాటలేదు. అచట కొబ్బరినూనెలో విస్తారముగా నుండు లారికామ్లము కొన్ని మొండి సూక్ష్మజీవుల పైపొరను చెరచి చంపుచున్నట్లు కనుగొనిరి.