చెయ్యి నరికినా ఆగని పేరు షోయబుల్లా

2022 మేలో అమలాపురంలో గొడవలై మా కోనసీమకి నెట్ ఆపేసేరు. ఆ రోజుల్లో ఎవడేం చెప్తే అదే నమ్మేను. షోయబుల్లా ఖాన్ గురించి చదివింది అప్పుడే, ఓ పాత పుస్తకంలో.

యుద్ధం రాసే విదేశీ విలేకరికి, బతికుంటే, తిరిగెళ్లడానికి సొంత దేశముంటాది. ఈయనకి అదీ లేదు. 1920లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా సుబ్రవేడులో పుట్టేడు. ఉర్దూలో రాసేవోడు. మందుముల నరసింగరావు గారి 'రయ్యత్'లో పనిచేస్తే దాన్ని నిజాం సర్కారు మూయించింది. మనమైతే వేరే ఉద్యోగం చూసుకుందుము. ఆయన 1947 నవంబరులో సొంతంగా 'ఇమ్రోజ్' పెట్టేడు. రజాకార్ల దాష్టీకం గురించి రాసేడు, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసేడు. ముస్లిం అయ్యుండి ఈ మాటనడమే వాళ్లకి కంటగింపు. బెదిరించినా పేపరు ఆపలేదు.

1948 ఆగస్టులో ఓ రాత్రి పని ముగించుకుని కాచిగూడలో ఇంటికెళ్తుంటే కాల్చేసేరు, చెయ్యి నరికేసేరు. కూడా ఉన్న బావమరిది చెయ్యీ పోయింది. షోయబుల్లాకి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవండి.

నెల తిరక్కుండా, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయేడు. ఆ వార్త రాయడానికి ఆయన లేడు.