49 ఏళ్లకు దొరికిన సూత్రం

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్ పుస్తకంలో స్థిర విద్యుత్ చాప్టర్ తెరిస్తే మొదట కనిపించే పేరు కూలుమ్. సివిల్ వాళ్లు సాయిల్ మెకానిక్స్‌లో రిటైనింగ్ వాల్ దగ్గరికి వస్తే అక్కడా కూలుమే. మెకానికల్ వాళ్లకు ఘర్షణ లెక్కల్లో మళ్లీ అదే పేరు. ఈ ముగ్గురూ వేర్వేరు మనుషులని చాలామంది అనుకుంటారు. కాదు, ముగ్గురూ ఒక్కడే. పైగా అతను ప్రొఫెసర్ కూడా కాదు. ఇరవై ఏళ్లకు పైగా కోటలు, ఓడరేవుల సైట్లలో తిరిగిన సర్కారీ ఇంజినీరు. విద్యుదావేశం మీద తన పేరు నిలబెట్టిన ప్రయోగాన్ని బయటపెట్టేనాటికి అతనికి 49 ఏళ్లు.

డిగ్రీ చేతికొచ్చి ఏడాది తిరగకుండానే వెనకబడిపోయామని దిగులుపడే వాళ్లు చార్లెస్ అగస్టిన్ కూలుమ్ కథ ఒకసారి చదవాలి.

ఇంట్లో గొడవతో మొదలు

1736 జూన్ 14న ఫ్రాన్స్‌లోని ఆంగులేమ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ప్రభుత్వోద్యోగి. కుటుంబం పారిస్‌కు మారాక అక్కడి కాలేజీల్లో లెక్కలు, ఖగోళ శాస్త్రం పాఠాలు విన్నాడు. లెక్కల మీద మనసు పడింది. తల్లికేమో కొడుకు డాక్టర్ కావాలని కోరిక. మన ఇళ్లలో జరిగే గొడవే, 270 ఏళ్ల కిందట పారిస్‌లోనూ జరిగింది. అతను వినలేదు, ఆమె తగ్గలేదు. మాటామాటా పెరిగి తల్లి ఖర్చులకు డబ్బివ్వడం మానేసింది.

అప్పటికే తండ్రి వ్యాపార లావాదేవీల్లో చాలా డబ్బు పోగొట్టుకుని మాంట్‌పెలియర్‌లో ఉంటున్నాడు. కూలుమ్ అక్కడికే చేరాడు. 1757లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆ ఊరి సైన్స్ సంఘంలో చేరి పేపర్లు చదివాడు. కానీ పేపర్లతో కడుపు నిండదు కదా. లెక్కలు వచ్చిన కుర్రాడికి అప్పట్లో ఉన్న మంచి దారి సైన్యంలో ఇంజినీరు ఉద్యోగం. దానికి మెజియేర్‌లోని మిలిటరీ ఇంజినీరింగ్ స్కూల్లో సీటు రావాలి. ఎంట్రన్స్ గట్టిది. అందుకోసం మళ్లీ పారిస్ వచ్చి నెలల తరబడి కోచింగ్ తీసుకున్నాడు. 1760లో సీటు కొట్టాడు. 1761 చివర్లో లెఫ్టినెంట్‌గా బయటికొచ్చాడు. అప్పటికి వయసు 25.

కోరుకోని పోస్టింగ్

మొదట బ్రెస్ట్ ఓడరేవులో వేశారు. 1764లో ఉన్నట్టుండి సముద్రం అవతల కరీబియన్‌లోని మార్టినిక్ దీవికి పంపారు. అంతకు రెండేళ్ల ముందే ఆ దీవిని ఇంగ్లిష్ సైన్యం పట్టుకుంది. 1763 సంధితో అది తిరిగి ఫ్రాన్స్ చేతికొచ్చింది. మళ్లీ పోకుండా ఉండాలంటే గట్టి కోట కావాలి. ఫోర్ట్ బూర్బోన్ అనే ఆ కోట కట్టే పని కూలుమ్ మీద పడింది. అతనేం అడిగి తెచ్చుకున్న పని కాదు.

వందల మంది పనివాళ్లను నడిపించాలి, రాయి, మట్టి, సున్నం లెక్క చూడాలి. ఎండ, వాన, జ్వరాలు సరేసరి. ఎనిమిదేళ్లు అక్కడే గడిచాయి. పదేపదే జబ్బు పడ్డాడు. ఆ దీవిలో చెడిన ఆరోగ్యం జీవితాంతం మళ్లీ పూర్తిగా కుదుటపడలేదు.

కానీ ఆ ఎనిమిదేళ్లలో అతను ఒక పని మానలేదు. సైట్లో ఎదురైన ప్రతి చిక్కునూ కాగితం మీద పెట్టుకుని లెక్క కట్టేవాడు. గోడ వెనక మట్టి పోస్తే అది గోడను ఎంత బలంతో నెడుతుంది? స్తంభం ఏ కోణంలో పగులుతుంది? ఇవన్నీ మొదట తన పని కోసం రాసుకున్న నోట్సే. 1772లో ఫ్రాన్స్ తిరిగొచ్చాక వాటిని సరిచేసి, 1773లో పారిస్ సైన్స్ అకాడమీ ముందు చదివాడు. ఈ రోజు గేట్ సివిల్ పేపర్‌కు తయారయ్యేవాళ్లు చదివే కూలుమ్ ఎర్త్ ప్రెషర్ సిద్ధాంతం అక్కడ పుట్టిందే.

తీగ మెలిలో దొరికిన త్రాసు

తర్వాత ఉద్యోగం అతన్ని ఊరూరా తిప్పింది. బూషేన్, షెర్‌బూర్, రోష్‌ఫోర్. ప్రతి చోటా డ్యూటీ డ్యూటీయే, ప్రయోగం ప్రయోగమే.

ఓడల్లో వాడే దిక్సూచిని మెరుగుపరచమని అకాడమీ పోటీ పెట్టింది. ముల్లును సూదిమొన మీద నిలబెడితే రాపిడి వల్ల సరిగ్గా తిరగదు. సన్నటి దారంతో వేలాడదీస్తే ఆ బాధ ఉండదు. కానీ దారం కూడా మెలి తిరిగినప్పుడు కాస్త ఎదురు లాగుతుంది. ఆ లాగుడు ఎంతో తెలియాలి. దాని మీద పనిచేసి 1777లో బహుమతి పంచుకున్నాడు. రోష్‌ఫోర్ నౌకా కేంద్రంలో ఉన్నప్పుడు అసలైన బరువులు పెట్టి ఘర్షణ మీద ప్రయోగాలు చేశాడు. వాటికి 1781లో మరో బహుమతి వచ్చింది. అదే ఏడాది అకాడమీ సభ్యత్వం, దాంతో పాటు పారిస్‌లో స్థిరంగా ఉండే వీలు దొరికాయి. అప్పటికి వయసు 45.

1784లో లోహపు తీగల మెలి మీద పేపర్ ఇచ్చాడు. తీగను ఎంత కోణం మెలితిప్పితే అంత బలంతో అది వెనక్కి తిరగాలని చూస్తుంది. కోణం రెట్టింపైతే బలమూ రెట్టింపు. తీగ ఎంత సన్నగా ఉంటే అంత చిన్న బలానికే మెలి తిరుగుతుంది. అంటే జుట్టంత సన్నటి తీగతో, మామూలు త్రాసుకు అందనంత చిన్న బలాల్ని కొలవొచ్చు. ఇంత చిన్న బలాలతో ఎవరికి పని? స్థిర విద్యుత్ చదివేవాళ్లకు.

అప్పటికి తెలిసిందేమిటి?

తలకు రుద్దిన ప్లాస్టిక్ దువ్వెన కాగితం ముక్కల్ని లాగడం మీరూ చూసే ఉంటారు. ఇలాంటిదే రుద్దిన అంబర్ చేస్తుందని ప్రాచీన గ్రీకులకే తెలుసు. 1729లో ఇంగ్లండ్‌లో స్టీఫెన్ గ్రే ఈ గుణం కొన్ని పదార్థాల గుండా ప్రయాణిస్తుందని, కొన్నింటి గుండా పోదని చూపించాడు. వాహకాలు, బంధకాలు అనే తేడా అక్కడ మొదలైంది. 1733లో ఫ్రాన్స్‌లో డ్యూఫే ఆవేశాలు రెండు రకాలని, ఒకే రకానివి వికర్షించుకుంటాయని, వేర్వేరు రకాలవి ఆకర్షించుకుంటాయని చెప్పాడు. వాటికి ప్లస్, మైనస్ పేర్లు పెట్టింది బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఇదంతా బాగానే ఉంది. కానీ ఎంత బలంతో? దూరం పెరిగితే ఎంత తగ్గుతుంది? ఈ ప్రశ్నకు నిక్కచ్చిగా కొలిచి జవాబు ప్రచురించినవాళ్లు లేరు. అంకె లేనంతవరకు అది ఇంజినీరింగ్‌కు పనికొచ్చే విషయం కాదు.

36, 144, 575.5

1785లో కూలుమ్ చేసిన ఏర్పాటు ఇది. ఒక గాజు పాత్ర. దాని మూత మీద నిలువుగా పొడవాటి గాజు గొట్టం. గొట్టం పై కొసన కోణాలు గుర్తుపెట్టిన తిప్పుడు బిళ్ల. దాని నుంచి కిందికి వేలాడే సన్నటి వెండి తీగ. తీగ చివర అడ్డంగా ఒక తేలికపాటి పుల్ల, పుల్ల కొసన చిన్న బెండు బంతి. దాన్ని ఆనుకుని, కదలకుండా బిగించిన మరో బెండు బంతి. గాలి తగలకుండా అంతా గాజు లోపలే.

ఆవేశం ఎక్కించిన గుండుసూది తలను బంతులకు తాకించాడు. రెండింటికీ ఒకే రకం ఆవేశం వచ్చింది. కదిలే బంతి దూరంగా జరిగి 36 డిగ్రీల దగ్గర ఆగింది. అంటే తీగ మెలి 36 డిగ్రీలు. ఇప్పుడు పై బిళ్లను ఎదురు దిశలో 126 డిగ్రీలు తిప్పి, బంతుల్ని బలవంతంగా దగ్గరికి తెచ్చాడు. అవి 18 డిగ్రీల దూరంలో నిలిచాయి. మొత్తం మెలి 126, 18 కలిపితే 144. దూరం సగమైంది, బలం నాలుగు రెట్లైంది.

మరోసారి, బిళ్లను 567 డిగ్రీల దాకా తిప్పాడు. బంతులు 8.5 డిగ్రీల దగ్గర ఆగాయి. మొత్తం మెలి 575.5. మొదటి దూరంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ, బలం దాదాపు 16 రెట్లు. దూరపు వర్గానికి బలం విలోమానుపాతంలో ఉంటుందంటే ఇదే.

సరిగ్గా నాలుగో వంతు అయితే 9 డిగ్రీలు రావాలి కదా అని మీకు అనుమానం రావొచ్చు. కొలిచేలోపే ఆవేశం కొద్దికొద్దిగా గాలిలోకి, ఆధారాల గుండా కారిపోతుంది. ఆ సంగతి కూలుమ్ దాచలేదు. ఆ కారిపోయేది ఎంతో కూడా విడిగా ప్రయోగాలు చేసి మరో పేపర్‌గా ఇచ్చాడు. ఆకర్షణ బలాన్ని ఈ పద్ధతిలో కొలవడం కష్టం, బంతులు వచ్చి అతుక్కుపోతాయి. దానికి ఊగే సూది కాలాన్ని లెక్కించే వేరే పద్ధతి కనిపెట్టాడు. ఆవేశం వాహకం లోపల కాకుండా ఉపరితలం మీదే ఉంటుందని కూడా చూపించాడు. 1785 నుంచి 1791 వరకు విద్యుత్తు, అయస్కాంతత్వం మీద మొత్తం ఏడు పేపర్లు.

ఎలక్ట్రాన్ అనే మాట కూడా అప్పటికి లేదు. జె.జె. థామ్సన్ దాన్ని పట్టుకుంది 1897లో. ఆవేశం అంటే రెండు రకాల ద్రవాలని కూలుమ్ నమ్మాడు. ఆ నమ్మకం పోయింది, కొలత మాత్రం నిలిచింది.

ఇంకో మాట. ఇంగ్లండ్‌లో హెన్రీ కావెండిష్ ఇదే నియమాన్ని 1770ల్లోనే ప్రయోగంతో తేల్చాడు. కానీ ప్రచురించలేదు. ఆ కాగితాలు మాక్స్‌వెల్ చేతిమీదుగా 1879లో బయటికొచ్చాయి. అప్పటికే నియమానికి కూలుమ్ పేరు స్థిరపడిపోయింది. చేసిన ప్రాజెక్టును హార్డ్‌డిస్క్‌లోనే ఉంచేసే వాళ్లు ఈ రెండు వాక్యాలు మళ్లీ చదవండి.

నిజం చెబితే జైలు

పారిస్ చేరాక అంతా సాఫీగా సాగిందేమీ లేదు. బ్రిటనీ ప్రాంతంలో కాలువల పథకాన్ని పరిశీలించి రిపోర్టివ్వమన్నారు. పెట్టే ఖర్చుకు అది గిట్టుబాటు కాదని రాశాడు. ఆ పథకం మీద ఆశలు పెట్టుకున్నవాళ్లకు అది నచ్చలేదు. ఈ వివాదం ముదిరి 1783లో కొన్ని రోజులు జైల్లో ఉండాల్సొచ్చింది. విద్యుత్తు మీద మొదటి పేపర్‌కు అది రెండేళ్ల ముందు మాట.

తర్వాత ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1791లో ఉద్యోగం వదిలాడు. 1793లో అకాడమీనే మూసేశారు. తూనికలు కొలతల సంఘం నుంచి అతన్ని, లవోయిజర్, లాప్లాస్‌లతో పాటు తీసేశారు. మరుసటి ఏడాది లవోయిజర్‌ను గిలటిన్ ఎక్కించారు. కూలుమ్ అప్పటికే మిత్రుడు బోర్డాతో కలిసి బ్లువా దగ్గరి పల్లెకు వెళ్లిపోయాడు. పరిస్థితి కుదుటపడ్డాక, 1795లో కొత్త సంస్థ సభ్యుడిగా పారిస్ తిరిగొచ్చాడు. 1802 నుంచి విద్యాశాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా కొత్త స్కూళ్ల ఏర్పాటు పనిచూశాడు. 1806 ఆగస్టు 23న పారిస్‌లో చనిపోయాడు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ ఆవేశం యూనిట్‌కు అతని పేరు పెట్టింది. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో అతనిదీ ఒకటి.

మీ జేబులో ఎన్ని కూలుమ్‌లు?

ఒక కూలుమ్ అంటే ఒక ఆంపియర్ కరెంటు ఒక సెకను పాటు మోసుకెళ్లే ఆవేశం. ఎలక్ట్రాన్ల లెక్కన 1 పక్కన 18 సున్నాలు పెట్టి, దాన్ని ఆరు రెట్లకు పైగా చేయాలి. మీ ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అయితే, 5 ఆంపియర్లను 3,600 సెకన్లతో గుణించండి. ఒక ఫుల్ ఛార్జింగ్‌కు 18,000 కూలుమ్‌లు అటు నుంచి ఇటు కదులుతాయి.

కదలడం వేరు, ఒకచోట పోగుపడటం వేరు. ఒక్కో కూలుమ్ ఆవేశాన్ని మీటరు దూరంలో ఎదురెదురుగా ఉంచగలిగితే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు. సుమారు 9 లక్షల టన్నుల బరువుతో సమానం. బ్యాటరీలో అలా జరగదు, ఎందుకంటే ఒక పక్క నుంచి ఎంత పోతే ఇంకో పక్కకు అంత వస్తుంది, మొత్తం మీద నికరం సున్నా. దువ్వెన మీద పోగయ్యేది మైక్రోకూలుమ్ కన్నా తక్కువే.

ఆ కొంచెమే చిప్‌లకు ముప్పు. డోర్ హ్యాండిల్ ముట్టుకుంటే చురుక్కుమని మనకు తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. సున్నితమైన కొన్ని విడిభాగాలు 100 వోల్టులకే పాడవుతాయి. మనకు తెలియకుండానే మన వేలు వాటిని చంపేస్తుందన్నమాట. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ కట్టేది అందుకే. హార్డ్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూకు ముందు ఈ సంగతి తప్పకుండా చదువుకోండి.

కూలుమ్ కోరుకున్న మొదటి ఉద్యోగం అతనికి దొరకలేదు. దొరికింది ఆరోగ్యాన్ని తినేసింది. ఓపిక పడితే అన్నీ అవే వస్తాయని ఈ కథ చెప్పడం లేదు. అతను సైట్లో మట్టిని కొలిచాడు, రేవులో రాపిడిని కొలిచాడు, దిక్సూచి కోసం దారం మెలిని కొలిచాడు. చివరికి ఆ మెలితోనే ఆవేశాన్ని కొలిచాడు. ఒక్కో పని దగ్గర రాసుకున్న నోట్సు తర్వాతి పనికి పనికొచ్చింది. రేపు మీకు ఏ ఊళ్లో, ఏ సీట్లో ఉద్యోగం వచ్చినా, మొదటి రోజే ఒక నోట్‌బుక్ కొనుక్కోండి.