మిస్ షిల్లింగ్ వాషర్

మన ఐసీ ఇంజిన్స్ ల్యాబ్‌లో కార్బురేటర్ కట్ మోడల్ చూసే ఉంటారు. ఫ్లోట్ పెట్రోల్ మీద తేలుతుంది, చాంబర్ నిండగానే నీడిల్ వాల్వ్ మూస్తుంది. అంతే కదా అనుకుంటాం. ఆ ఫ్లోట్ వల్లే 1940లో బ్రిటిష్ పైలట్ల ప్రాణాల మీదికొచ్చింది.

బియాట్రిస్ షిల్లింగ్ 1909లో ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో, ఒక మాంసం వ్యాపారి ఇంట్లో పుట్టారు. 14 ఏళ్లకే మోటార్‌సైకిల్ కొనుక్కున్నారు. మాంచెస్టర్‌లో ఎలక్ట్రికల్ చదివి, మెకానికల్‌లో మాస్టర్స్ చేసి, 1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో చేరారు. ఈలోపే బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్ బండిని గంటకు 100 మైళ్లు దాటించారు కూడా!

యుద్ధం వచ్చింది. జర్మన్ మెసర్‌ష్మిట్ ముక్కు కిందికి వంచి దూకితే, వెంటపడిన స్పిట్‌ఫైర్‌లో మెర్లిన్ ఇంజిన్ ఆగిపోయేది. జర్మన్ ఇంజిన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, దీనికేమో కార్బురేటర్. మనవాళ్లు, అదే, బ్రిటిష్ వాళ్లు, ముందు విమానాన్ని బోర్లా తిప్పి ఆ తర్వాత డైవ్ చేసేవారు. అప్పటికి శత్రువు చేజారిపోయేవాడు.

పెట్రోల్ అందకే ఆగుతోందా? మొదటి తడబాటు అదే. విమానం ఒక్కసారిగా కిందికి వంగితే పెట్రోల్ చాంబర్ పైకప్పుకి ఎగబాకి, జెట్లు ఖాళీ అవుతాయి. అసలు దెబ్బ ఆ తర్వాతది. ఫ్లోట్ తికమకపడి వాల్వ్ బార్లా తెరుస్తుంది, పంపు తన శక్తికొద్దీ పెట్రోల్ తోస్తుంది. మిక్చర్ మరీ రిచ్ అయి, నల్లపొగ కక్కి ఇంజిన్ చచ్చిపోతుంది.

షిల్లింగ్ ఈ రెండో దాన్ని పట్టుకున్నారు. పెట్రోల్ లైన్లో నడుమ చిల్లున్న చిన్న ఇత్తడి ముక్క పెట్టారు. ఫుల్ పవర్‌లో ఇంజిన్ తాగేంత పెట్రోలే అందులోంచి వెళ్తుంది. చిల్లు చిన్నదైతే పవర్ పడిపోతుంది, పెద్దదైతే మళ్లీ వరదే. లెక్కంతా ఆ చిల్లు సైజులోనే ఉంది. 1941 మొదట్లో చిన్న బృందంతో వైమానిక స్థావరాలు తిరిగి, విమానాలను షెడ్డుకు పంపకుండానే బిగించారు.

తలకిందులుగా చాలాసేపు ఎగరడం మాత్రం దీనితో కుదరలేదు. అందుకు 1943లో ప్రెషర్ కార్బురేటర్ రావాల్సి వచ్చింది. పైలట్లు ఆ ముక్కకి ఆవిడ పేరే పెట్టుకున్నారు, కాస్త వెకిలిగానే. 1938లోనే జార్జ్ నేలర్‌తో పెళ్లయినా, ఆ పేరులో ఆవిడ మిస్ షిల్లింగ్‌గానే మిగిలారు.

1969 దాకా ఆ సంస్థలోనే పనిచేశారు. యుద్ధం తర్వాత భార్యాభర్తలిద్దరూ కార్ల రేసుల్లో పడ్డారు. 1990లో కన్నుమూశారు.