జోసెఫ్ లిస్టర్ - మా బాపు కాలు

మాది మొగుళ్లపల్లి. పోయిన ఏడాది వానాకాలంలో పత్తి చేను దగ్గర ట్రాక్టర్ ట్రాలీ చక్రం మా బాపు కాలి మీదుగా పోయింది. మోకాలి కింద ఎముక విరిగి, చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చింది. పరకాల మీదుగా హన్మకొండకు చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి గాయం కడిగి కాలికి బయటినుంచి రాడ్లు బిగించారు. కొన్ని రోజుల తర్వాత లోపల ప్లేట్ వేసే ఆపరేషన్ పెట్టారు. పొద్దున 8 గంటలకు అన్నారు. 10 అయింది, 11 అయింది, లోపలికి పిలవరు. చివరికి తెలిసిందేంటంటే, ఆపింది మా అక్కేనట.

అక్క అంటే మా పెద్దమ్మ బిడ్డ. అదే హాస్పిటల్‌లో సీఎస్ఎస్‌డీ టెక్నీషియన్. ఆపరేషన్‌లో వాడిన కత్తెరలు, ఫోర్సెప్స్, డ్రిల్లులు అన్నీ అక్కడికి వస్తాయి. వాటిని కడిగి, బ్రష్‌తో రుద్ది, భూతద్దం కింద చూసి, సెట్లుగా సర్ది, చుట్టి, ఆటోక్లేవ్‌లో పెట్టి మళ్లీ థియేటర్‌కు పంపాలి. ఆ రోజు బాపు కోసం పెట్టిన సెట్ ఆటోక్లేవ్ నుంచి తడిగా బయటికి వచ్చిందట. అక్క దాన్ని పక్కన పెట్టి మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చేయించింది. ఆపరేషన్ మధ్యాహ్నానికి జరిగింది. ఇంట్లో అందరికీ కోపం వచ్చింది. సొంత మనిషి అయ్యుండి కాస్త తడికే ఇంత చేయాలా అని నేనే ఎక్కువ గొణిగాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా అక్క ఉద్యోగాన్ని నేను గిన్నెలు కడిగే పని అనే అనుకున్నాను.

తర్వాత హాస్టల్‌కి వచ్చాక ఎందుకో నిద్ర పట్టక వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికిన మనిషే జోసెఫ్ లిస్టర్. మన బాత్రూమ్‌లో ఉండే లిస్టరిన్ బాటిల్ మీద ఉన్నది ఈయన పేరే. కానీ ఆ మౌత్‌వాష్ ఆయన తయారు చేసింది కాదు, అమెరికాలో వాళ్లు ఆయన పేరు పెట్టుకున్నారంతే. ఆయన చేసింది దానికంటే చాలా పెద్ద పని.

లిస్టర్ 1827 ఏప్రిల్ 5న లండన్ దగ్గర అప్టన్ అనే ఊళ్లో పుట్టాడు. వాళ్లది క్వేకర్ల కుటుంబం. ఆడంబరం లేకుండా, సాదా బట్టలతో బతికే క్రైస్తవ శాఖ అది. తండ్రి వైన్ వ్యాపారి. కానీ ఖాళీ దొరికితే మైక్రోస్కోప్ లెన్సులతో కూర్చునేవాడు. అప్పటి మైక్రోస్కోపుల్లో బొమ్మ చుట్టూ రంగుల అంచులు వచ్చి మసకగా కనిపించేది. ఆ లోపాన్ని బాగా తగ్గించింది ఈ తండ్రే. అంటే మిగతా పిల్లలు గోళీలాడే వయసులో లిస్టర్ ఇంట్లో మంచి మైక్రోస్కోప్ ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

క్వేకర్లకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తలుపులు మూసి ఉన్న రోజులవి. అందుకే లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరాడు. మధ్యలో మశూచి సోకింది. ఆ తర్వాత మనసు బాగా దెబ్బతిని చదువు ఆపేసి కొన్నాళ్లు దూరంగా ఉండిపోయాడు. గ్యాప్ వస్తే జీవితం అయిపోయినట్టే అనుకునే మనలాంటి వాళ్లకు ఇదొక ధైర్యం. తిరిగొచ్చి 1852లో మెడిసిన్ పూర్తి చేశాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోకి వెళ్లి జేమ్స్ సైమ్ అనే పేరుమోసిన సర్జన్ దగ్గర చేరాడు. 1856లో సైమ్ పెద్ద కూతురు ఆగ్నెస్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె వేరే శాఖ మనిషి కాబట్టి ఈ పెళ్లి కోసం క్వేకర్ సంఘాన్ని వదులుకున్నాడు. ఆగ్నెస్ ఇంటి ఇల్లాలిగానే ఉండిపోలేదు. ఆయన ప్రయోగాల్లో చేయి కలిపింది. ఆయన ల్యాబ్ నోట్‌బుక్కుల్లో ఎన్నో పేజీలు ఆమె చేతిరాతలోనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు కథ. 1846 నుంచి ఈథర్, 1847 నుంచి క్లోరోఫామ్ వచ్చాయి. పేషెంట్‌కి నొప్పి తెలియడం లేదు కాబట్టి సర్జన్లు ధైర్యంగా పెద్ద పెద్ద ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు. ఆపరేషన్ బాగానే అయ్యేది. నాలుగు రోజులకు గాయం చీము పట్టేది, తర్వాత కుళ్లేది, తర్వాత మనిషి పోయేవాడు. చెడ్డ గాలి వల్ల ఇలా అవుతుందని డాక్టర్లు నమ్మేవాళ్లు. కోటు మీద ఎంత రక్తం గడ్డకట్టి ఉంటే అంత అనుభవం ఉన్న సర్జన్ అన్నట్టు లెక్క. ఒకరి గాయంలో పెట్టిన సాధనాన్నే తుడిచి ఇంకొకరి గాయంలో పెట్టేవాళ్లు.

1860లో లిస్టర్ గ్లాస్గోలో సర్జరీ ప్రొఫెసర్ అయ్యాడు. తర్వాత అక్కడి రాయల్ ఇన్ఫర్మరీలో వార్డులు ఆయన చేతికి వచ్చాయి. ఆ కొత్త బిల్డింగ్ గోడ పక్కనే 1849 కలరాలో చనిపోయిన వాళ్ల శవపేటికలు పైపైనే పాతిపెట్టి ఉన్నాయి. అక్కడ 1864, 1866 సంవత్సరాల్లో ఆయన కాలో చేయో తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోయారు. ఆయన ఈ లెక్కను దాచలేదు, రాసి పెట్టుకున్నాడు.

ఆయన్ని తొలిచిన ప్రశ్న ఒకటుంది. ఎముక లోపలే విరిగి చర్మం చిరగకపోతే, ఎంత బాగా నలిగినా చీము పట్టదు. అదే ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వస్తే కుళ్లుతుంది. ఎముక అదే, మనిషి అదే. తేడా చర్మం ఒక్కటే. అంటే బయటినుంచి ఏదో లోపలికి పోతోంది. అదేంటి?

1865లో థామస్ ఆండర్సన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఆయనకు లూయీ పాశ్చర్ పేపర్లు చదవమని చెప్పాడు. ద్రవాలు పులియడానికి, కుళ్లడానికి కారణం గాలి కాదు, గాలిలోనూ దుమ్ములోనూ ఉండే సూక్ష్మజీవులని పాశ్చర్ తేల్చాడు. వాటిని తొలగించడానికి మూడు దారులు: వేడి చేయడం, వడకట్టడం, రసాయనం వాడడం. చిన్నప్పటి నుంచి మైక్రోస్కోప్‌తో పెరిగినవాడికి కంటికి కనిపించనిది కూడా ఉంటుందని నమ్మడం కష్టం కాలేదు. కానీ మనిషి కాలిని ఉడకబెట్టలేం, వడకట్టలేం. మిగిలింది రసాయనం. కార్లైల్ అనే ఊళ్లో మురుగునీటి కంపు పోవడానికి కార్బాలిక్ యాసిడ్ వాడుతున్నారని ఆయన విన్నాడు. పాత ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు వాసన తెలిసిన పెద్దవాళ్లని అడగండి, ఆ వాసన ఇదే.

ఆ ఏడాది మార్చిలో చేసిన మొదటి ప్రయత్నం ఫెయిల్ అయింది. తర్వాత ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ల అబ్బాయిని తెచ్చారు. బండి చక్రం ఎడమ కాలి మీదుగా పోయింది. మోకాలి కింద ఎముక విరిగి గాయం తెరుచుకుంది. ఈ లైన్ చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ రోజుల్లో ఇలాంటి కాలికి మామూలుగా చేసేది ఒక్కటే, నరికేయడం. లిస్టర్ నరకలేదు. కార్బాలిక్ యాసిడ్‌లో ముంచిన గుడ్డతో గాయాన్ని కప్పి, కట్టు కట్టి ఆగాడు. నాలుగో రోజు కట్టు విప్పితే కుళ్లు వాసన లేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. అబ్బాయి రెండు కాళ్లతో ఇంటికి వెళ్లాడు.

ఇంకో విషయం. సరిగ్గా మర్నాడు, అంటే 1865 ఆగస్టు 13న, వియన్నాలో ఒక పిచ్చాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చనిపోయాడు. డాక్టర్లు చేతులు కడుక్కుంటే బాలింతలు బతుకుతారని 1847లోనే లెక్కలతో చూపించిన మనిషి ఆయన. ఎవరూ వినలేదు. చివరికి గాయం విషమించి పోయాడు. అప్పటికి లిస్టర్‌కి ఆయన సంగతి తెలియదు. ఒకే సమస్య మీద ఇద్దరు పని చేశారు, ఒకరి పని ఇంకొకరికి చేరలేదు.

లిస్టర్ తొందరపడలేదు. 11 కేసులు చేశాకే 1867లో లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆ 11 మందిలో 9 మంది కోలుకున్నారు. ఒకరికి కాలు తీయాల్సి వచ్చింది, ఒకరు చనిపోయారు. అదే ఏడాది సొంత అక్కకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మిగతా సర్జన్లు వద్దన్నారు. ఆయనే ఆపరేషన్ చేశాడు. గాయం చీము పట్టకుండా మానింది. మూడేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టి ఆమె పోయింది, కానీ ఆ మూడేళ్లు ఆమెకు దక్కాయి. 1867 నుంచి 1869 వరకు ఆయన చేసిన 40 ఆంప్యుటేషన్లలో 6 మంది చనిపోయారు. ముందు 35కి 16, ఇప్పుడు 40కి 6. మన డేటా సైన్స్ సార్ అయితే శాంపిల్ చిన్నది అంటారు. నిజమే. కానీ మిగిలిన ప్రతి నంబర్ వెనక ఒక ఇల్లు ఉంది.

అయినా ప్రపంచం చప్పట్లు కొట్టలేదు. క్లోరోఫామ్ తెచ్చిన సింప్సన్ అంతటివాడే ఎదురు తిరిగాడు. కనిపించని జీవులా అని నవ్వినవాళ్లున్నారు. పైగా ఈ పద్ధతి విసుగు. ప్రతి సాధనం ముంచాలి, ప్రతి చేయి కడగాలి, చర్మం తెల్లబడి మండుతుంది. ఒక్క అడుగు వదిలేసి, ఫలితం రాలేదని ఆయన్నే తిట్టేవాళ్లు. జర్మనీ వాళ్లు ముందు నమ్మారు, లండన్ చివర్లో నమ్మింది. 1877లో ఆయన లండన్ కింగ్స్ కాలేజీకి మారి, విరిగిన మోకాలి చిప్పను తెరిచి తీగతో కట్టి చూపించాడు. చీము పట్టలేదు. అప్పుడు నోళ్లు మూతపడ్డాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. 1871 నుంచి ఆయన థియేటర్ గాలిలో కార్బాలిక్ స్ప్రే కొట్టించేవాడు. అందరికీ దగ్గు, కళ్ల మంట. గాలికంటే చేతులు, సాధనాల వల్లే ప్రమాదం ఎక్కువని తర్వాత తెలిసింది. 1890లో బెర్లిన్‌లో ప్రపంచ డాక్టర్ల ముందు నిలబడి, ఆ స్ప్రేని సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 63. మనం రివ్యూలో చిన్న బగ్ ఒప్పుకోవడానికే చచ్చిపోతాం.

ఈ కథ మన హైదరాబాద్‌కీ తాకుతుంది. లిస్టర్ మామ సైమ్ దగ్గర చదివిన ఎడ్వర్డ్ లారీ తర్వాత హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ అయ్యాడు. తర్వాత కోఠి విమెన్స్ కాలేజీ అయిన బిల్డింగే ఆనాటి రెసిడెన్సీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు నడిపింది ఈ లారీనే. అంటే ఎడిన్‌బరో వార్డుల్లోని వాదనలు మూసీ ఒడ్డు దాకా వచ్చాయి.

ఆ మధ్యలోనే, 1879లో, పాశ్చర్ దగ్గర పనిచేసే చార్లెస్ షాంబర్లాండ్ ఆటోక్లేవ్ తయారు చేశాడు. ఆలోచన సింపుల్. మనిషిని ఉడకబెట్టలేం, సాధనాల్ని ఉడకబెట్టొచ్చు. ప్రెషర్ కుక్కర్ లాగా ఒత్తిడిలో ఆవిరిని 100 డిగ్రీలు దాటిస్తే మొండి స్పోర్లు కూడా చస్తాయి. గాయంలో చేరాక చంపడం లిస్టర్ దారి. అసలు చేరనివ్వకపోవడం తర్వాతి వాళ్ల దారి. లిస్టర్ వేసిన పునాది మీదే రెండోది నిలబడింది.

1892లో పాశ్చర్ 70వ పుట్టినరోజుకి పారిస్ వెళ్లి అందరి ముందు కృతజ్ఞత చెప్పాడు. 1893లో ఇటలీ ప్రయాణంలో ఆగ్నెస్ న్యుమోనియాతో పోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత లార్డ్ బిరుదు, రాయల్ సొసైటీ ప్రెసిడెంట్ పదవి అన్నీ వచ్చాయి కానీ ఆయన ప్రాక్టీసు దాదాపు మానేశాడు. 1912 ఫిబ్రవరి 10న వాల్మర్ అనే సముద్రతీర ఊళ్లో చనిపోయాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటిస్తామన్నా, ఆయన కోరినట్టే హాంప్‌స్టెడ్‌లో ఆగ్నెస్ పక్కన పాతిపెట్టారు.

దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు అక్కని అడిగాను, ఆ రోజు తడిస్తే ఏమయ్యేదని. తడిసిన చుట్టు గుండా బయటి సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయని, తడి ప్యాక్ అంటే తెరిచిన ప్యాక్‌తో సమానమని చెప్పింది. ప్యాక్ మీద టేప్ గీతలు నల్లబడితే వేడి తగిలిందని మాత్రమే అర్థమట. లోపలి ఇండికేటర్ వేరే, నిజమైన స్పోర్లు పెట్టి చేసే టెస్ట్ వేరే, అన్నీ రిజిస్టర్‌లో రాయాలట. బాపుదైనా ఇంకెవరిదైనా అదే రూలట. పేషెంట్ పేరు చూసి మారే రూల్ రూలే కాదట. నాకు గ్లాస్గోలో ఆ 35, 16 లెక్క రాసుకున్న మనిషి గుర్తొచ్చాడు. సారీ చెప్పాను. అక్క నవ్వి పళ్లెంలో ఇంకో గారె వేసింది.

ఊళ్లో అక్క ఏం చేస్తుందని అడిగితే నర్సు అనేసేవాళ్లు. ఇప్పుడు బాపు ఊరుకోడు. చేతికర్ర ఆన్చి, చేను దారిలో ఆగి మరీ చెప్తాడు, నా కాలు నిలబెట్టిన సామాన్లు ఉడకబెట్టింది ఈ పిల్లేనని. పత్తి ఏరే టైం వచ్చింది. రోజూ ఆ గట్టు దాకా నడిచి వస్తున్నాడు, రెండు కాళ్లతో.