వెనీలాకు పెళ్లి చేసిన పిల్లవాడు

వెనీలా అంటే మనకు ఐస్‌క్రీమే. అది ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ అని నాకు ఈమధ్యే తెలిసింది. ఆ కాయ వెనక ఎడ్మండ్ ఆల్బియస్ ఉన్నాడు. ఇది బోటనీ వాళ్ల గోడ మీద ఉండాల్సిన కథే, కానీ మనం రాసుకుంటే తప్పేముంది?

ఎడ్మండ్ 1829లో హిందూ మహాసముద్రంలోని బూర్బాన్ దీవిలో, సెయింట్ సుజాన్‌లో పుట్టాడు. ఆ దీవినే ఇప్పుడు రీయూనియన్ అంటున్నారు. కాన్పులోనే తల్లి పోయింది. బానిస బిడ్డ కాబట్టి ఇంటిపేరు కూడా లేదు. అంతకు ముందు ఏడాదే, 1828లో, మన యానాం నుంచి తెలుగువాళ్లను ఒప్పంద కూలీలుగా అదే దీవికి ఓడెక్కించారు. పని వెతుక్కుంటూ భివండి దాకా వచ్చిన మన తాతలకంటే ఎంత ముందో చూడండి.

యజమాని ఫెరియోల్ బెలియె-బోమోన్‌కు మొక్కల పిచ్చి. పిల్లవాణ్ని వెంటేసుకుని తోటంతా తిరిగేవాడు. బడికి మాత్రం పంపలేదు. గుమ్మడి జాతి పాదుల్లో (మా అమ్మ మరాఠీలో భోపళా) మగపువ్వును ఆడపువ్వుకు అద్దితే కాయ నిలుస్తుందని చూపించాడు. ఆ తోటలో ఒక వెనీలా తీగ ఏళ్ల తరబడి ఉంది. పూసేది, కాసేది కాదు. దాని సొంత దేశం మెక్సికో. అక్కడ పువ్వుల్ని కలిపే తేనెటీగలు ఈ దీవిలో లేవు.

గుమ్మడిలో ఆడ, మగ వేరే పువ్వులు. ఆర్కిడ్‌లో రెండూ ఒకే పువ్వులో, ఒకే చిన్న స్తంభంలా కలిసిపోయి ఉంటాయి. పైన పుప్పొడి ముద్ద, కింద కీలాగ్రం, మధ్యలో నాలుకలాంటి పల్చటి పొర. ఒక రేకు మాత్రం పెదవిలా పెరిగి పురుగు వాలడానికి అరుగు అవుతుంది. చాలా ఆర్కిడ్లలో మొగ్గ దశలోనే తొడిమ మెలి తిరుగుతుంది, అందుకే ఆ పెదవి కిందికి వస్తుంది. ఇంత ఏర్పాటూ పురుగు కోసమే. పురుగు రాకపోతే ఆ పొర అడ్డుగోడే. పైగా వెనీలా పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది.

1841లో ఒకరోజు ఫెరియోల్ ఆ తీగకు రెండు కాయలు చూశాడు. పన్నెండేళ్ల ఎడ్మండ్ తనే చేశానన్నాడు. మొదట నమ్మలేదట. అప్పుడు చేసి చూపించాడు: సన్నటి పుల్లతో పొరను పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని కీలాగ్రానికి నొక్కాడు. అంతే! తెగిన పోగును మా నానమ్మ వేళ్లతో అతికేంత సేపు కూడా పట్టదు. 1836లోనే బెల్జియంలో మోరెన్ అనే శాస్త్రవేత్త వెనీలాను కాయించాడు గానీ, తోటల్లో రోజూ చేసుకునే ఉపాయం ఈ పిల్లవాడిదే. తోట తోటకూ పంపించి మిగతా బానిసలకు అతనితోనే నేర్పించారు.

1848లో బానిసత్వం రద్దయింది. అప్పుడు ఆల్బియస్ అనే ఇంటిపేరు వచ్చింది. అది లాటిన్‌లో తెలుపు అనే మాట నుంచి వచ్చిందట. నల్లవాడికి ఆ పేరు పెట్టడం నాకు వెటకారంలాగే అనిపిస్తుంది. స్వేచ్ఛ దొరికింది, డబ్బు దొరకలేదు. పట్నంలో వంటింటి పనికి కుదిరాడు, నగల దొంగతనం కేసులో జైలు శిక్ష పడింది. దీవికి చేసిన మేలు చూసి ముందుగానే వదిలారు. ఈలోగా రిషార్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ ఉపాయం తనదేనన్నాడు. ఫెరియోల్ ఊరుకోలేదు, అది ఎడ్మండ్‌దేనని ఉత్తరాలు రాశాడు. ఆయన మీద నాకు కొంచెం గౌరవం కలిగింది అక్కడే.

ఇప్పటికీ మడగాస్కర్‌లోనూ రీయూనియన్‌లోనూ వెనీలాను చేత్తోనే కలుపుతారు. రీయూనియన్‌లో ఆ పని చేసే ఆడవాళ్లను పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లు అంటారు. చెయ్యి తిరిగినవాళ్లు రోజుకు వెయ్యి పువ్వుల దాకా చేస్తారు.

తోటల యజమానులు బాగుపడ్డారు. ఎడ్మండ్ 1880లో సెయింట్ సుజాన్ ఆసుపత్రిలో పేదవాడిగానే పోయాడు.